1878కి ముందున్న సంవత్సరాలు

(ఒంగోలులో గ్రామ సంఘాల కాపరుల కూడికలో ఒక పెద్ద వయసు కాపరి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక వరుసల్లో ఉన్నవారు కొంచెం ముందుకు రండి, ఫ్యాన్ల కింద ఖాళీ ఉంది. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చినవారు తెల్లవారకముందే బస్సు ఎక్కి ఉంటారు. అమ్మలు కూడా చాలామంది వచ్చారు, సంతోషం. ఈరోజు మాటలు కాపరులకు ఎంతో పాస్టరమ్మలకూ అంతే. నిజానికి వారికే ఎక్కువ.

నాకు ఇచ్చిన అంశం మీకు తెలుసు. ఫలితం కనబడనప్పుడు పరిచర్యలో ఎలా నిలబడాలి? అంశం ఇచ్చిన సహోదరులు ఒక మాట కూడా అన్నారు, "అయ్యగారూ, ప్రోత్సాహకరంగా మాట్లాడండి" అని. తప్పకుండా మాట్లాడతాను. అయితే ప్రోత్సాహం పేరుతో మీకు అబద్ధం చెప్పను. ఇంకొంచెం ఓపిక పట్టండి, వచ్చే ఏడాదికి మీ మందిరం నిండిపోతుంది అని నేను అనలేను. దేవుడు మీలో ఎవరికైనా అలాంటి మాట ఇచ్చి ఉంటే దాన్ని పట్టుకోండి. నాకు మాత్రం మీ విషయంలో ఆ మాట ఇవ్వలేదు. ఇవ్వని మాటను ఇచ్చాడని చెప్పడం ప్రవక్తల కాలంలోనే నేరం.

మన పరిస్థితి ఏమిటో ముందు దాచుకోకుండా చెప్పుకుందాం. ఎన్నో ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు. ఆదివారం చాపలు పరిస్తే సగం ఖాళీ. పొగాకు పనుల కాలం వస్తే ఆ సగం కూడా రారు. వారిని తప్పు పట్టగలమా? ఆ నాలుగు నెలల కూలితోనే కదా వారు ఏడాదంతా గడపాలి! మీరు సండే స్కూలులో వాక్యం నేర్పిన పిల్లలు పెద్దవారై హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు వెళ్ళిపోయారు. ఇల్లు తాళం వేసి ఉంటుంది, తాతయ్య ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉంటాడు. బాప్తిస్మం తీసుకుంటానని చెప్పినవాడు తేదీ దగ్గరపడేసరికి ఊళ్ళో కనిపించడు. ఎక్కడో నగరంలో జరిగిన పెద్ద కూడికను అదే రాత్రి మీ విశ్వాసి ఫోనులో చూస్తాడు. చూసి, మరుసటి ఆదివారం మీ ముఖం చూస్తాడు. ఏమీ అనడు. అనకపోయినా మీకు అర్థమవుతుంది. అవునా, కాదా?

అప్పుడు మనసులో వచ్చే మాట ఒకటి ఉంది. అది బయటికి చెప్పడానికి మనకు సిగ్గు. కానీ బైబిలుకు సిగ్గు లేదు. యెషయా నలభై తొమ్మిదో అధ్యాయం, నాలుగో వచనం తీయండి. "వ్యర్థముగా నేను కష్టపడితిని." ఎవరు అంటున్నారు ఈ మాట? విశ్వాసం విడిచిపెట్టినవాడా? కాదు, యెహోవా సేవకుడు. తల్లి గర్భంలోనే పిలవబడినవాడు. నా బలాన్ని వృథాగా ఖర్చు చేశాను అంటున్నాడు. అదే వచనంలో, ఊపిరి తీసుకుని, నా న్యాయం యెహోవా దగ్గర ఉంది అంటున్నాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. మొదటి సగం పలికినందుకు దేవుడు అతన్ని సేవ నుంచి తీసివేయలేదు. కాబట్టి ఆ మాట మీ నోట వచ్చినప్పుడు నేను ఇక పాస్టరుగా పనికిరానేమో అని కుంగిపోకండి. యిర్మీయా ఇరవై మూడేళ్ళు పెందలకడ లేచి ప్రకటించాను, మీరు వినలేదు అన్నాడు. ఇరవై ఐదో అధ్యాయంలో ఉంది. ఆ ఇరవై మూడేళ్ళ తర్వాత కూడా వారు వినలేదు!

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వస్తాను. ఈ ఒంగోలులో కూర్చుని ఈ అంశం మాట్లాడుతూ ఆ సంగతి ఎత్తకుండా ఎలా ఉండగలం? చరిత్ర చెప్పగానే మనవారు నేరుగా 1878కి వెళ్ళిపోతారు. జూలై 3, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది, ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం. మీ అందరికీ కంఠతా వచ్చు. చిన్నపిల్లలు కూడా చెబుతారు. నేను ఈ ఉదయం మిమ్మల్ని దానికి ముందున్న సంవత్సరాల్లో కాసేపు కూర్చోబెట్టాలనుకుంటున్నాను. ఎందుకంటే మనలో చాలామంది ఉన్నది అక్కడ.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర 1836లో భారతదేశానికి వచ్చాడు. ఉత్తర సర్కారుల్లో కొంతకాలం, మద్రాసులో కొంతకాలం పనిచేసి 1840లో నెల్లూరు చేరాడు. ఆ ఏడాదే పెన్నలో మొదటి తెలుగు మనిషికి బాప్తిస్మం ఇచ్చాడు. తర్వాత? తర్వాత ఇక పరుగే అనుకుంటాం. లేదు. ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. ఆరోగ్యం చెడి డే స్వదేశానికి వెళ్ళిపోవలసి వచ్చింది. 1848లో అమెరికాలో పెద్దలు కూర్చుని ఈ తెలుగు మిషను మూసేద్దామా అని ఆలోచించారు. మరోపక్క బర్మాలో కరెన్ ప్రజలు వేలల్లో వస్తున్నారు. డబ్బు అక్కడ పెడితే ఫలం ఉంది, ఇక్కడ పెడితే ఏముంది? వారిని దుర్మార్గులు అనకండి. లెక్క చూసే ఏ పెద్దలైనా ఆ ప్రశ్న అడుగుతారు. డే బతిమాలాడు. లైమన్ జ్యూయెట్ అనే యువకుడు నేను వెళ్తానన్నాడు. ఇద్దరూ కలిసి 1849లో నెల్లూరు చేరారు.

నాలుగేళ్ళకే, 1853లో, ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో మళ్ళీ అదే ప్రశ్న. మూసేద్దామా? గోడ మీద మిషనుల పటం ఉంది. అందులో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఒకరన్నారు, ఆ పేరే మన మిషనుకు నిలిచిపోయింది. అక్కడి విశ్వాసులకు మిమ్మల్ని వదిలేస్తున్నామని ఉత్తరం రాయగల మనిషి ఎవరు అని కార్యదర్శి అడిగితే ఎవరూ సమాధానం చెప్పలేకపోయారట. ఆగింది. 1862లో ప్రావిడెన్స్‌లో మూడోసారి లేచింది. ఆ సమయానికి జ్యూయెట్ ఆరోగ్యం కోసం అమెరికా వచ్చి ఉన్నాడు. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, తెలుగువారి మధ్యే బతికి అక్కడే చనిపోతాను అన్నాడు. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అన్నారట పెద్దలు.

ఇక్కడ ఆగండి. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. 1862లో జ్యూయెట్‌కు 1878 తెలుసా? తెలియదు! తర్వాత ఒంగోలుకు మిషనరీగా వచ్చిన క్లౌ దొర ఎవరో కూడా తెలియదు. అతని చేతిలో ఉన్నది ఏళ్ళ తరబడి కష్టం, చిన్న సంఘం, పాడైన ఆరోగ్యం. అంతే. సరే, నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. గుండ్లకమ్మలో ఆ రోజు రానే రాలేదనుకోండి. జ్యూయెట్ తిరిగి వచ్చి, నెల్లూరులో మరో పాతికమందికి వాక్యం చెప్పి, ఇక్కడే చనిపోయి ఉంటే, 1862లో అతను చెప్పిన జవాబు తప్పయ్యేదా? ఆలోచించి చెప్పండి. నిజంగా తప్పయ్యేదా?

కాదు అంటున్నారు. నోటితో కాదు అంటున్నాం, మంచిదే. మన కొలత మాత్రం వేరుగా ఉంది. టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు బేళ్ళకు గ్రేడు కట్టినట్టు మనం సేవకులకు గ్రేడు కడుతున్నాం. ఎంతమంది విశ్వాసులు, ఎన్ని బాప్తిస్మాలు, మందిరానికి స్లాబు పడిందా లేదా. 2,222 వచ్చింది కాబట్టి జ్యూయెట్ గొప్పవాడు అంటే, రాని వారంతా ఏమైనట్టు? డే దొర 1871లో అమెరికాలో చనిపోయాడు. గుండ్లకమ్మ రోజును చూడలేదు. విశాఖపట్నానికి 1805లో వచ్చిన మిషనరీలు క్రాన్, డిగ్రాంజెస్ ఇద్దరూ 1810 ముగిసేలోపే ఈ నేల మట్టిలో కలిశారు. తెలుగులోకి సువార్తలు అనువదించే పని మొదలుపెట్టి చనిపోయారు. వారికి ఏ గ్రేడు కడతారు?

1854 జనవరి 1 సంగతి కూడా అందరికీ తెలిసిందే, కానీ ఒక్క కోణం చూడండి. ఈ ఊళ్ళో మన కళ్ళ ముందున్న ప్రార్థన కొండ మీద తెల్లవారుజామున ఐదుగురు మోకాళ్ళూనారు. జ్యూయెట్, అతని భార్య, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు! ముగ్గురు తెలుగువారు! నివేదికల్లో దొర పేరు ముందు వస్తుంది, మనం కూడా దొర పేరే ముందు చెబుతాం. అమ్మలారా, మీరు వినండి. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఆ ఉదయం ప్రార్థించినవారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ సేవకుడు, క్లౌ దొర, ఎప్పుడు వచ్చాడు? 1866 సెప్టెంబరులో. పన్నెండేళ్ళు దాటింది. ఆ మధ్యలో జూలియా, రూతు ఏం చేసి ఉంటారు? ఇంటిపని, వంటపని, పక్కింటివారికి వాక్యం, మళ్ళీ ఇంటిపని. అదే కదా మీరు చేస్తున్నది?

నిలకడ అంటే చేసిన పనినే కళ్ళు మూసుకుని చేస్తూ పోవడం అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. డే ఊళ్ళు మారాడు. క్లౌ పద్ధతే మార్చుకున్నాడు. మిషనరీలు మొదటి నుంచీ చదువుకున్నవారి మీద, పై కులాలవారి మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. వారు మారితే మిగతావారంతా వస్తారన్న లెక్క. కానీ దేవుడు తలుపు తెరిచింది ఎక్కడ? తాళ్ళకొండపాడు మాదిగపల్లెలో. యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఎంతోకాలం గురువుల చుట్టూ తిరిగి సత్యం కోసం వెదికినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట సువార్త విన్నాడు. అంటే ఏమిటి? విత్తనం నాటింది మనవారు కూడా కారు! వేరే మిషనువారు ఎక్కడో చెప్పిన మాట నడుచుకుంటూ మన ఊరికి వచ్చింది. ఆ చెప్పినవారు తమ నివేదికలో పేరయ్యను ఏ లెక్కలో రాసుకుని ఉంటారు? మీరు బస్సులో ఇచ్చిన కరపత్రం, ఆసుపత్రి మంచం పక్కన చేసిన ప్రార్థన ఏ ఊళ్ళో మొలుస్తుందో మీ పుస్తకంలో ఎలా ఎక్కుతుంది?

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. ఎంతమందితో? ఎనిమిది మందితో. మీలో ఎనిమిది మంది కంటే తక్కువ ఉన్న సంఘం ఎవరిది? చేతులెత్తండి... ఎవరూ లేరు చూడండి. కొద్ది రోజుల్లో పేరయ్య ఊరి దగ్గర మరి కొందరు బాప్తిస్మం తీసుకున్నారు. వెంటనే సమస్య. ఒంగోలు బడిలో అగ్రకులాల పిల్లలు చదువుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పించేస్తాం అన్నారు పెద్దలు. క్లౌ ఒక గదిలో, భార్య మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చింది. జ్ఞానులను సిగ్గుపరచడానికి లోకంలో వెర్రివారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్న వచనాలు. పేదలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. ఆ సంవత్సరం బడి నివేదిక ఎలా ఉండి ఉంటుందో ఊహించండి! కొన్నిసార్లు సంఖ్య పడిపోవడం మన వైఫల్యం వల్ల జరగదు, మన విధేయత వల్ల జరుగుతుంది. ఈ మాట రాసుకోండి, రాసుకునేవారు.

ఇక కరువు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ఆ కరువు గురించి మన పెద్దలు చెప్పుకున్నది వింటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ ఒకప్పుడు సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. కులం అడగలేదు, మతం అడగలేదు. తెలుగు బోధకులే మేస్త్రీలు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారి పక్కన కూర్చుని, ప్రయాసపడి భారం మోసుకుంటున్న సమస్త జనులారా నా దగ్గరికి రండి అన్న ప్రభువు మాట చెప్పేవారు. తట్టలు మోసేవారికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో!

జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. గుంపులు గుంపులుగా. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఫలితం లేదని మూడుసార్లు మూసేయబోయిన మిషను ఇది. ఇప్పుడు వేలమంది వాకిట్లో నిలబడ్డారు. మనమైతే ఏం చేస్తాం? ఫోటోలు తీస్తాం! క్లౌ ఏమన్నాడు? ఆగండి అన్నాడు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారని ఎవరూ అనకూడదు, వచ్చినవారి మనసులో కూడా ఆ కలత ఉండకూడదు. సాయం ఆగిపోయాక వారు తిరిగి వచ్చి చేతుల మీది బొబ్బలు చూపించారు. మేము సాయం అడగడం లేదు, కష్టపడి బతుకుతాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. అప్పుడు గుండ్లకమ్మ. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

సహోదరులారా, సంఖ్య కోసం ఆకలిగొన్నవాడు ఆగండి అనగలడా? అనలేడు. ఫలితం లేని రోజుల్లో నిలబెట్టిన విశ్వాసమే ఫలితం వచ్చిన రోజున కూడా చేయి ఆపింది. నాకు 2,222 కంటే ఆ ఆగండి అన్న మాటే పెద్ద అద్భుతంగా కనిపిస్తుంది.

దీన్ని బట్టి మనకు కొన్ని సంగతులు. మొదటిది మనకు సహాయం పంపేవారి గురించి. నెలకు ఇన్ని ఆత్మలు, ఇన్ని ఫోటోలు అని అడిగేవారు ఉన్నారు. వారిలో ప్రేమ ఉన్నవారూ ఉన్నారు, తెలియక అడుగుతారు. అయినా వారి కోసం లెక్క పెంచి రాయకండి. ఒకే మనిషిని రెండు చోట్ల నీళ్ళలో నిలబెట్టి ఫోటో తీసే పద్ధతి మన జిల్లాల్లోకి వచ్చిందని విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఈ నెల ఎవరూ రాలేదు అని రాయండి. దాని కింద, ఫలానా ఇంట్లో జబ్బుగా ఉన్నవారి దగ్గర కూర్చున్నాను అని రాయండి. సహాయం తగ్గితే తగ్గనివ్వండి. చాలా కష్టం అని తెలిసే చెబుతున్నాను. ఆ కష్టంలో ఉన్న కుటుంబాన్ని పక్క ఊరి సంఘాలు ఆదుకోవాలి, ఆ బాధ్యత ఇక్కడున్న పెద్ద సంఘాలది. పట్టణ సంఘాలవారు కూడా వచ్చారు కదా, మీకే చెబుతున్నాను.

రెండోది, శరీరం. ఏలీయా బదరీ వృక్షం కింద పడుకుని చావు అడిగితే దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి భోజనం చేయమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి, మళ్ళీ తినమన్నాడు. నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అన్నాడు. దేవుని దూతే అన్నాడు, శక్తికి మించినది అని! మనవారు కుంగిపోయిన కాపరికి ఏం చెబుతారు? ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండమంటారు. ఉపవాసానికి నేను వ్యతిరేకం కాను. కానీ షుగరు, బీపీ పెట్టుకుని, నిద్ర లేకుండా, పొలం పనికి కూడా వెళ్తూ, రాత్రి గృహ ప్రార్థనలు చేసే మనిషికి ముందు కావలసింది పరీక్ష చేయించుకోవడం, మందులు, నిద్ర. ఎన్నో రోజులుగా తెల్లవారుతుంటే భయం వేస్తోందా, బతకాలని లేదా? అది విశ్వాసలోపం అనుకుని దాచుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాస్టరమ్మలు దాచుకోవడంలో ఇంకా ముందుంటారు.

మూడోది ఇక చెప్పక్కరలేదు, మీకు తెలుసు. పక్క ఊరి కాపరిని పోటీదారుగా చూడటం మానేద్దాం. పేరయ్య సంగతి చెప్పాను కదా.

భోజనాల తర్వాత ప్రసంగం ఉండదు. ప్రాంతాలవారీగా నలుగురైదుగురు కలిసి కూర్చోండి, అమ్మలు వేరుగా కూర్చుంటామంటే వేరుగానే. ఎవరూ సంఘం సంఖ్య చెప్పవద్దు, ఎవరూ అడగవద్దు. ప్రతి ఒక్కరూ మీ ఊళ్ళో మీరు ఎంతోకాలంగా ప్రార్థిస్తున్న ఒక్క మనిషి గురించి మిగతావారికి చెప్పండి. తాగుడు మానని కొడుకు కావచ్చు, మందిరం మానేసిన పెద్దాయన కావచ్చు. విన్నవారు ఆ మనిషి కోసం వచ్చే కూడిక వరకు ప్రార్థించాలి. కనిగిరి వైపు బస్సు సాయంత్రం త్వరగా ఉందట, కాబట్టి వారి గుంపు ముందుగా భోజనానికి లేవండి.